చిన్న ఓపెన్ సోర్స్ యాప్‌ను ఎక్కడ పెట్టి నడపాలి? షాపు పీసీ, షేర్డ్ హోస్టింగ్, వీపీఎస్, ఫ్రీ ప్లాట్‌ఫామ్: ఎవరికి ఏది

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల స్టాక్ చూసుకోవడానికి ఇన్వెన్‌ట్రీ. బ్రాడీపేటలో ఆడిటర్ ఆఫీసు కాగితాలు స్కాన్ చేసి దాచుకోవడానికి పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్. కోచింగ్ సెంటర్‌లో పనులు పంచుకోవడానికి కాన్‌బోర్డ్. బిల్లులు, బాకీలు ఒకేచోట చూపించే డోలిబార్. ఇవన్నీ ఓపెన్ సోర్స్ యాప్‌లే, లైసెన్సుకు రూపాయి కట్టక్కర్లేదు. మన ల్యాప్‌టాప్‌లో పెట్టి చూసుకోవడం పెద్ద పనేమీ కాదు. పదిమంది రోజూ వాడేలా దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే చిక్కు మొదలవుతుంది.

ఒకరు వీపీఎస్, అంటే ఇంటర్నెట్‌లో నెలనెలా అద్దెకు దొరికే సర్వర్, తీసుకోమంటారు. ఇంకొకరు పాత పీసీ ఖాళీగానే ఉందిగా అంటారు. ఇంజినీరింగ్ చదివే అబ్బాయి ఫ్రీగా పెట్టిస్తానంటాడు. ముగ్గురి మాటా ఎక్కడో ఒకచోట సరైనదే. విజయవాడ, గుంటూరులో చిన్న షాపులకు, ఆఫీసులకు ఇలాంటివి పెట్టి, ఆ తర్వాత వాళ్ల ఫోన్లకు జవాబు చెప్పే మనిషిగా నా అభిప్రాయం ముందే చెప్తాను: నెలకు ఎంత అన్న లెక్కతో మొదలుపెట్టకండి. సర్వర్ పోయిన రోజున దాన్ని తిరిగి లేపేది ఎవరు అన్నదానితో మొదలుపెట్టండి. మిగతా నిర్ణయాలన్నీ దాని వెనకే వస్తాయి.

## ముందు తేల్చుకోవాల్సినవి

తిరిగి లేపే మనిషి. సర్వర్ ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. డిస్క్ చెడిపోవచ్చు, అప్‌డేట్ తేడా కొట్టొచ్చు, ఎవరో తెలియక ఫోల్డర్ తుడిచేయొచ్చు. ఆ రోజు బ్యాకప్ ఎక్కడుందో తెలిసి, దాన్ని ఇంకో మెషీన్‌లోకి ఎక్కించగలిగేవాళ్లు ఎవరైనా ఉన్నారా? మీరే అయితే ఏ దారైనా పర్లేదు. మేనల్లుడో, పక్క షాపు కుర్రాడో అయితే, రేపు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయినా అక్కడినుంచే చూసుకోగలిగే పద్ధతి కావాలి. ఎవరూ లేరంటే సొంతంగా పెట్టుకునే ఆలోచన మానేయండి. చాలా యాప్‌లకు తయారుచేసినవాళ్లే నడిపే హోస్టెడ్ ప్లాన్ ఉంటుంది. డబ్బు కట్టి అది తీసుకుంటే మీకు టెన్షన్ ఉండదు, ఆ ప్రాజెక్టుకూ నాలుగు డబ్బులు అందుతాయి.

ఎక్కడినుంచి వాడతారు. ఒకే షాపులో, ఒకే వైఫై మీద వాడితే సరిపోతుందా? గోడౌన్ నుంచి, ఇంటి నుంచి, ప్రయాణంలో ఫోన్ నుంచి కూడా తెరవాలా? రెండోదైతే ఖర్చూ పెరుగుతుంది, జాగ్రత్తలూ పెరుగుతాయి.

యాప్ దేనితో కట్టారు. చాలామంది చూడకుండా దాటేసేది ఇదే. కాన్‌బోర్డ్, డోలిబార్ లాంటివి పీహెచ్‌పీ యాప్‌లు, వాటికి ఎక్కడైనా చోటు దొరుకుతుంది. పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్, ఇన్వెన్‌ట్రీ పైథాన్‌తో రాసినవి. వెనకాల ఎప్పుడూ నడుస్తూ ఉండే వర్కర్ అనే ప్రోగ్రామ్ కూడా వాటికి కావాలి, మామూలుగా డాకర్‌లోనే (యాప్‌ను దానికి కావాల్సినవన్నీ కలిపి ఒక పెట్టెలా నడిపే సాధనం) పెడతారు. ఇవి షేర్డ్ హోస్టింగ్‌లో, అంటే ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చోట, నడవవు. అంటే యాప్ ఎంచుకోగానే కొన్ని దారులు వాటంతట అవే మూసుకుపోతాయి.

ఎవరి వివరాలు ఉంటాయి. మీ స్టాకు లెక్కలు వేరు, పేషెంట్ల రిపోర్టులు, పిల్లల ఫోన్ నంబర్లు వేరు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, తగిన రక్షణ లేక ఇతరుల వివరాలు బయటపడితే జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. చిన్న కోచింగ్ సెంటర్‌కు అంత వేస్తారని కాదు. ఇంకొకరి వివరాలు మన దగ్గర ఉన్నాయంటే బాధ్యత ఉందన్నమాట.

కరెంటు, నెట్ పోయినప్పుడు పని ఎంతసేపు ఆగితే పర్లేదో కూడా చూసుకోండి. ఖర్చు లెక్క ఆ తర్వాతే.

## ఒకటో దారి: షాపులోనే పీసీ

మెషీన్ కళ్ల ముందే ఉంటుంది, డేటా గడప దాటదు, నెట్ పోయినా షాపు వైఫై మీద పని ఆగదు. ఒకే చోట నలుగురైదుగురు వాడే యాప్‌కు దీన్ని మించింది లేదని నా నమ్మకం. కానీ మన ఊళ్లలో దీనికి మూడు చిక్కులున్నాయి.

మొదటిది కరెంటు. ఇన్వర్టర్ ఉన్నా, యూపీఎస్ మోడ్‌లో లేకపోతే కరెంటు మారే ఆ క్షణంలోనే పీసీ ఆరిపోతుంది. డేటాబేస్ రాస్తుండగా ఆరితే ఫైలు చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి చిన్న యూపీఎస్ తప్పనిసరి. బయోస్‌లోకి (పీసీ ఆన్ అవగానే తెరవగలిగే సెట్టింగుల్లోకి) వెళ్లి, కరెంటు రాగానే మెషీన్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగ్ పెట్టండి. డాకర్ యాప్ అయితే దాని సెట్టింగులుండే కంపోజ్ ఫైల్లో రీస్టార్ట్ పాలసీని 'అన్‌లెస్ స్టాప్డ్' అని రాయండి. ఈ రెండూ చేస్తే పొద్దున షాపు తెరిచేసరికి యాప్ సిద్ధంగా ఉంటుంది. లేకపోతే రోజూ ఎవరో ఒకరు మీకు ఫోన్ చేస్తారు.

పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తిన్నా, రోజంతా ఆన్‌లో ఉంటే నెలకు 43 యూనిట్లు అవుతుంది. ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న మినీ పీసీ సగటున 10 వాట్లు తీసుకుంటే ఏడు యూనిట్ల పైచిలుకే. షాపుది కమర్షియల్ మీటరు కాబట్టి ఈ తేడా బిల్లులో కనపడుతుంది. పాత పీసీ ఊరికే వచ్చిందని సంబరపడే ముందు ఈ లెక్క వేసుకోండి. రాస్‌ప్‌బెర్రీ పై వాడితే మెమరీ కార్డు మీద డేటాబేస్ పెట్టకండి, అవి తొందరగా అరిగిపోతాయి. ఎస్ఎస్‌డీ తగిలించండి. మే నెలలో మన ఎండలకు ఏసీ లేని గదిలో, మూసిన అల్మరాలో ఏ మెషీన్‌నీ పెట్టకండి.

రెండోది నీళ్లు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు ఇళ్లు, షాపులు రోజుల తరబడి మునిగే ఉన్నాయి. గ్రౌండ్ ఫ్లోర్‌లో సర్వర్, దాని పక్క సొరుగులోనే బ్యాకప్ హార్డ్‌డిస్క్ పెట్టుకుంటే అలాంటి రోజున రెండూ కలిసే పోతాయి. ఈ దారిలో వెళ్లేవాళ్లు ఒక బ్యాకప్‌ను తాళం వేసి, అంటే ఎన్‌క్రిప్ట్ చేసి, ఊరి బయట ఏదో ఒక క్లౌడ్ స్టోరేజ్‌లోకి రోజూ పంపాల్సిందే. రెస్టిక్ అనే ఓపెన్ సోర్స్ టూల్ ఈ పని చక్కగా చేస్తుంది.

మూడోది బయటినుంచి తెరవడం. మన ఇళ్లకు, షాపులకు వచ్చే బ్రాడ్‌బ్యాండ్ చాలావరకు సీజీ-న్యాట్ వెనక ఉంటుంది. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలామంది పంచుకుంటారు. అప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటినుంచి వచ్చేవాళ్లను షాపు పీసీకి పంపే సెట్టింగ్) ఎంత సరిగ్గా పెట్టినా ఫలితం ఉండదు. టెయిల్‌స్కేల్ పెట్టుకుంటే మీ ఫోను, షాపు పీసీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లో ఉన్నట్టు మాట్లాడుకుంటాయి. కస్టమర్లు కూడా తెరవాలంటే, షాపు పీసీలోని యాప్‌ను ఇంటర్నెట్‌కు చూపించే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ ఉంది.

ఇంకో చిన్న విషయం చాలామందిని ఆపేస్తుంది. లోకల్ ఐపీతో, సురక్షిత కనెక్షన్ అయిన హెచ్‌టీటీపీఎస్ లేకుండా యాప్ తెరిస్తే ఫోన్ బ్రౌజర్ కెమెరాను వాడనివ్వదు. బార్‌కోడ్ స్కాన్ బటన్ నొక్కితే ఏమీ జరగదు, తప్పు యాప్‌దే అనుకుంటారు. లోకల్‌గా వాడినా సరే హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన సర్టిఫికెట్ పెట్టుకోవాలి. టెయిల్‌స్కేల్‌తో ఆ పని తేలిగ్గా అయిపోతుంది.

## రెండో దారి: షేర్డ్ హోస్టింగ్

పీహెచ్‌పీ యాప్ అయి, లైనక్స్ (సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్) తెలిసినవాళ్లు లేకపోతే ఇది తీసుకోవచ్చు. సీప్యానెల్‌లో, అంటే హోస్టింగ్ కంపెనీ ఇచ్చే కంట్రోల్ పేజీలో, లాగిన్ అయి, డేటాబేస్ సృష్టించి, ఫైళ్లు ఎక్కించి, బ్రౌజర్‌లో నాలుగు ప్రశ్నలకు జవాబిస్తే పని అయిపోతుంది. సర్వర్ అప్‌డేట్లు, సర్టిఫికెట్ వాళ్లే చూసుకుంటారు.

మూడు జాగ్రత్తలు. మొదటి ఏడాది ధర చూసి కొనకండి, రెన్యువల్ ధర చూసి కొనండి. చాలా చోట్ల రెండింటికీ పొంతన ఉండదు. ఇక ఒక్క క్లిక్‌తో ఇన్‌స్టాల్ చేసే టూల్‌లో యాప్ పాత వెర్షన్ ఉండొచ్చు కాబట్టి, అసలు ప్రాజెక్టు సైట్‌లోని వెర్షన్ నంబరుతో పోల్చుకోండి. కాన్‌బోర్డ్ పెట్టగానే యూజర్, పాస్‌వర్డ్ రెండూ 'అడ్మిన్' అనే ఉంటాయి. లింకు ఎవరికైనా పంపేముందు అది మార్చండి.

## మూడో దారి: వీపీఎస్

నాలుగు చోట్ల నుంచి వాడాలి, యాప్ డాకర్‌లోదే కావాలి, దూరం నుంచి చూసుకునే మనిషి ఉన్నారు అంటే ఇదే దారి. డిజిటల్ ఓషన్‌కు బెంగళూరులో, అమెజాన్‌కు ముంబైలో, 2022 నుంచి హైదరాబాద్‌లో కూడా డేటా సెంటర్లున్నాయి. మన పనికి వీటి మధ్య వేగంలో తేడా తెలియదు. డిజిటల్ ఓషన్‌లో 1 జీబీ ర్యామ్ మెషీన్ నెలకు 6 డాలర్లు, దానిమీద 18 శాతం జీఎస్టీ. అంటే ఆరేడు వందల రూపాయల దగ్గర తేలుతుంది. కాన్‌బోర్డ్‌కు, డోలిబార్‌కు 1 జీబీ చాలు. పేపర్‌లెస్ స్కాన్ కాగితాల్లో అక్షరాలు చదివేటప్పుడు బాగా తింటుంది, దానికి 4 జీబీ లేకుండా మొదలుపెట్టకండి.

ఒరాకిల్ క్లౌడ్ ఎప్పటికీ ఉచితమని ఇచ్చే మెషీన్ చాలామందిని ఆకర్షిస్తుంది. నేర్చుకోవడానికి మంచిదే. కానీ ఉచిత ఖాతాలో మెషీన్ ఖాళీగా ఉందనిపిస్తే వెనక్కి తీసుకునే హక్కు వాళ్లు నిబంధనల్లోనే రాసుకున్నారు. చిన్న షాపు యాప్ రోజులో ఎక్కువసేపు ఖాళీగానే కనపడుతుంది. కొట్టు లెక్కలు అక్కడ పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

బిల్లు కట్టడం గురించి కూడా చెప్పాలి. కార్డు నుంచి నెలనెలా ఆటోమేటిక్‌గా డబ్బు కోసుకోవడానికి ముందే మీ అనుమతి నమోదై ఉండాలనే ఆర్‌బీఐ ఈ-మాండేట్ నిబంధన 2021 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. విదేశీ కంపెనీల బిల్లులు దీనివల్ల తరచూ ఫెయిల్ అవుతుంటాయి. హెచ్చరిక మెయిల్ ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కు పోతుంది, కొన్నాళ్లకు సర్వర్ ఆగిపోతుంది. రూపాయల్లో బిల్లు వేసేవాళ్లనో, ముందే డబ్బు జమ చేయనిచ్చేవాళ్లనో ఎంచుకుంటే ఈ బాధ తప్పుతుంది.

పెట్టేటప్పుడు ఒక్క లైను దగ్గర ఆగి చూడండి. కంపోజ్ ఫైల్లో పోర్టు దగ్గర 8000:8000 అని ఉంటే యాప్ నేరుగా ప్రపంచానికంతా తెరుచుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌లో ఆ పోర్టు మూసేశాం కదా అనుకుంటారు, కానీ డాకర్ తెరిచిన పోర్టులు ఆ ఫైర్‌వాల్ నియమాలను దాటుకుని వెళ్తాయి. దాన్ని 127.0.0.1:8000:8000 అని మార్చి, దాని ముందు క్యాడీ అనే వెబ్ సర్వర్‌ను పెట్టండి. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవడం, గడువులోగా మార్చుకోవడం క్యాడీయే చూసుకుంటుంది.

యాప్ నుంచి పాస్‌వర్డ్ మెయిల్ వెళ్లడం లేదని గంటలు గంటలు వెతకకండి. చాలా వీపీఎస్ కంపెనీలు మెయిల్ పంపే పోర్టులను మొదటినుంచే మూసి ఉంచుతాయి. మెయిల్ పంపే సర్వీసు ఏదైనా విడిగా తీసుకుని, వాళ్లు చెప్పిన పోర్టు నంబరు యాప్‌లో రాస్తే సరిపోతుంది.

## నాలుగో దారి: రెండర్ లాంటి ప్లాట్‌ఫామ్‌లు

కోడ్ ఇస్తే వాళ్లే కట్టి నడిపిస్తారు. ఇలాంటిదే అయిన హెరోకు 2022 నవంబరులో ఫ్రీ ప్లాన్ ఎత్తేశాక చాలామంది రెండర్ వైపు వచ్చారు. రెండర్ ఫ్రీ ప్లాన్‌లో 15 నిమిషాలు ఎవరూ తెరవకపోతే యాప్ నిద్రపోతుంది. మళ్లీ లేవడానికి దాదాపు నిమిషం పడుతుంది. ఫ్రీ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ గడువు 30 రోజులే.

దీనికంటే పెద్ద ప్రమాదం ఇంకోటుంది. అక్కడి డిస్క్ శాశ్వతం కాదు. డేటా అంతా ఒకే ఫైల్లో పెట్టే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ వాడే యాప్‌ను అలాగే పెడితే బాగానే నడుస్తుంది, ఎంట్రీలు కూడా పడతాయి. కోడ్ మళ్లీ ఎక్కించినప్పుడో (డిప్లాయ్), రీస్టార్ట్ అయినప్పుడో మొత్తం ఖాళీ. డబ్బు కట్టి డిస్క్ తగిలిస్తే నిలుస్తుంది, కానీ అప్పటికి ఖర్చు వీపీఎస్‌ను దాటిపోతుంది. డెమోకు, కాలేజీ ప్రాజెక్టుకు తప్ప కొట్టు లెక్కలకు వద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| | షాపు పీసీ | షేర్డ్ హోస్టింగ్ | వీపీఎస్ | ఫ్రీ ప్లాట్‌ఫామ్ |
|---|---|---|---|---|
| లైనక్స్ రావాలా | కొంత | అక్కర్లేదు | తప్పదు | కోడ్ పంపే గిట్ తెలిస్తే చాలు |
| డాకర్ యాప్‌లు | నడుస్తాయి | నడవవు | నడుస్తాయి | కొన్నే |
| షాపులో నెట్ పోతే | పని ఆగదు | మొబైల్ డేటాతో | మొబైల్ డేటాతో | మొబైల్ డేటాతో |
| బయటినుంచి తెరవడం | టెయిల్‌స్కేల్ లాంటిది కావాలి | నేరుగా | నేరుగా | నేరుగా |
| డేటా నిలకడ | మీ బ్యాకప్‌ను బట్టి | మధ్యస్థం | మీ బ్యాకప్‌ను బట్టి | నమ్మకూడదు |
| ఖర్చు | మెషీన్, కరెంటు | ఏడాదికోసారి | నెలనెలా | లేదు |

## ఎవరికి ఏది

గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. యార్డులో గుమాస్తా, కోల్డ్ స్టోరేజ్ దగ్గర ఇంకొకరు, ఇంట్లో యజమాని. మూడు చోట్ల నుంచి వాడతారు కాబట్టి వీపీఎస్. సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి మే దాకా, అప్‌డేట్లు ముట్టుకోకండి. భద్రతకు సంబంధించినదైతే తప్ప మిగతావి యార్డు సెలవుల్లో చేసుకోవచ్చు. ఇక సర్వర్ టైమ్ జోన్. కొత్త వీపీఎస్ మామూలుగా యూటీసీలో ఉంటుంది, మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు. తెల్లవారుజామున 5 గంటలకు లారీ దిగిన టిక్కీల (మిర్చి బస్తాల) ఎంట్రీ వేస్తే, సర్వర్ దృష్టిలో అప్పటికి ముందురోజు రాత్రి 11.30. తేదీ ఒకరోజు వెనక్కి పడుతుంది. రైతు చీటీలో ఒక తేదీ, లెడ్జర్‌లో ఇంకో తేదీ. సర్వర్‌లోనూ, యాప్ సెట్టింగుల్లోనూ 'ఆసియా/కోల్‌కతా' పెట్టాకే మొదటి ఎంట్రీ వేయండి. వేసిన ఎంట్రీలను తర్వాత సరిచేయడం నరకం.

ఆడిటర్, లాయర్ ఆఫీసులు. క్లయింట్ల పాన్ కార్డులు, దస్తావేజులు ఉంటాయి కాబట్టి ఆఫీసులోనే మినీ పీసీ, అందులో పేపర్‌లెస్, బయటినుంచి కావాలంటే టెయిల్‌స్కేల్. పేపర్‌లెస్‌కు మామూలుగా తెలుగు రాదు. అక్షరాలు చదివే టెసరాక్ట్ టూల్‌కు తెలుగు భాషా ఫైలు ఇన్‌స్టాల్ చేయమని ఒక సెట్టింగ్‌లో, తెలుగు, ఇంగ్లిష్ కలిపి చదవమని ఇంకో సెట్టింగ్‌లో చెప్పాలి. రెండోది మర్చిపోతే తెలుగు కాగితాలన్నీ అర్థంలేని అక్షరాలుగా నిల్వ అవుతాయి, వెతికితే దొరకవు. అచ్చు కాగితాలను బాగానే చదువుతుంది. చేతిరాత దస్తావేజుల మీద ఆశ పెట్టుకోకండి, వాటికి పేరు, సర్వే నంబరు మీరే టైప్ చేసుకోవాలి.

ఆటోనగర్‌లో ఒక్క షాపు. డోలిబార్ అయితే షాపు పీసీ. లైనక్స్ చూసుకునేవాళ్లు లేకపోతే షేర్డ్ హోస్టింగ్. ఇన్వెన్‌ట్రీయే కావాలంటే షాపు పీసీ మీద డాకర్.

కోచింగ్ సెంటర్. ఫ్యాకల్టీ పనుల జాబితాకే అయితే షేర్డ్ హోస్టింగ్‌లో కాన్‌బోర్డ్ సరిపోతుంది. పిల్లల వివరాలు మాత్రం అందులోకి రానివ్వకండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు చేసేవాళ్లు. ఫ్రీ ప్లాట్‌ఫామ్ హాయిగా వాడుకోండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ గదిలోకి రాకముందే పేజీ ఒకసారి తెరిచి పెట్టుకుంటే, ఆయన ముందు నిమిషంపాటు ఖాళీ స్క్రీన్ చూపించాల్సిన పని ఉండదు. వైవాలో డేటా ఎక్కడ నిలుస్తుందని అడిగితే, ఈ ప్లాన్‌లో నిలవదని, ఎందుకు నిలవదో చెప్పగలిగితే మంచి మార్కులే పడతాయి.

## ఎంచుకున్నాక మొదటి వారంలో

అసలు డేటా ఎక్కించేముందే ఒకసారి బ్యాకప్ తీసి, దాన్ని వేరే ల్యాప్‌టాప్‌లో ఎక్కించి, లాగిన్ అయి చూడండి. ఎస్‌క్యూలైట్ ఫైలును యాప్ నడుస్తుండగా మామూలుగా కాపీ కొడితే సగం రాసిన స్థితిలో రావచ్చు. దాని బ్యాకప్ కమాండ్ వాడండి, లేదా కాసేపు యాప్ ఆపి తీయండి. పోస్ట్‌గ్రెస్‌కు పీజీ డంప్ అనే బ్యాకప్ కమాండ్ ఉంది. పేపర్‌లెస్‌కు సొంత ఎక్స్‌పోర్టర్ ఉంది, అది కాగితాలనూ వాటి ట్యాగులనూ కలిపి బయటికి ఇస్తుంది. అప్‌లోడ్ ఫైళ్ల ఫోల్డర్, రహస్య కీలు ఉండే ఎన్వ్ ఫైలు కూడా బ్యాకప్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. డేటాబేస్ ఒక్కటే దాచుకుని, ఎన్‌క్రిప్షన్ కీ పోగొట్టుకుంటే కొన్ని యాప్‌లలో సగం సమాచారం ఇక తెరుచుకోదు.

డొమైన్, వీపీఎస్ ఖాతా రెండూ యజమాని మెయిల్‌తో, యజమాని ఫోన్ నంబరుతో కొనండి. పెట్టిచ్చిన కుర్రాడి పేరుమీద ఉంటే, అతను ఎంత మంచివాడైనా నంబరు మార్చిన రోజున ఓటీపీ ఎవరికీ రాదు. అతనికి ఖాతాలో విడిగా యాక్సెస్ ఇవ్వండి, లేదా సర్వర్‌లోకి వెళ్లే తాళంచెవి లాంటి ఎస్‌ఎస్‌హెచ్ కీ తన సొంతది పెట్టుకోమనండి. రెన్యువల్ తేదీ, బ్యాకప్ ఉన్న చోటు, దాని పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో ఒక కాగితం మీద రాసి, షాపులో ముఖ్యమైన కాగితాలు దాచే చోటే దాచండి. దాని ఫోటో ఒకటి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌లో ఉంచండి.